ఆదివారాలు లేని నెల

ఆ వానాకాలమంతా నా తల ప్రాణం తోకకి తెచ్చింది ఒక పట్టీ. కర్టెన్ల అంచుకి వేసే పట్టీ కాదు. అవి నేను రోజూ కుడుతూనే ఉంటాను, వాటితో నాకు పేచీ లేదు. కంప్యూటరు తెర మీద ఓ అంచున మెనూ, గడియారం, నాలుగు బొమ్మలూ వరసగా పెట్టుకుని సన్నగా ఉంటుందే, ఆ పట్టీ. మా ఆయన దాన్ని ప్యానెల్ అంటాడు. నాకు పట్టీయే.

లోకంలో మగవాళ్లు సెలవు దొరికితే నిద్రపోతారు, లేదా ఊరి మీద పడతారు. మా ఆయన కూర్చుని ఆ తెర ముఖం మార్చేవాడు. ప్రింటింగ్ ప్రెస్సులో అక్షరాలూ బొమ్మలూ అమర్చి పేజీలు కట్టడం ఆయన పని. కంప్యూటర్ని నడిపించే ఆ లినక్స్ అంటే ఎంత పిచ్చంటే ప్రెస్సులో ఉన్న కంప్యూటర్లన్నిటికీ తనే ఎక్కించాడు. "మిగతావాటిలో వాళ్లు ఎలా పెడితే అలా పడుండాలి. ఇందులో మనిష్టం" అనేవాడు. ఆ ఇష్టం పేరు చెప్పి ఇవాళ బూడిద రంగు, రేపు ముదురు నీలం. ఇవాళ గుండ్రటి ఐకాన్లు, రేపు చదరపువి. అంతా అయ్యాక కుర్చీ వెనక్కి జరిపి, కళ్లు చికిలించి, "రెండు చుక్కలు కిందికి రావాలి" అనేవాడు. ఆ రెండు చుక్కల తేడా ఈ భూమ్మీద ఆయనకి తప్ప ఇంకెవరికీ కనపడదు. మా అత్తగారికి అసలే కనపడదు. ఆవిడకి ఆ పెట్టెతో ఉన్న పని ఒక్కటే, పేకాట. "ఒరేయ్, నా ముక్కలెక్కడ దాచావురా? నిన్న ఇక్కడే ఉన్నాయిగా!" అని వారానికోసారి లబోదిబోమనేది.

అన్నిటికంటే ఆయనకి గొప్ప ఆ పట్టీ. అందరికీ అది అడుగునో పైనో ఉంటే, ఈయన ఎడమ అంచున నిలువుగా నిలబెట్టుకున్నాడు. పేజీ ఎడమనుంచి మొదలవుతుంది కాబట్టి పని కూడా అక్కణ్ణించే మొదలవ్వాలట. అడగకపోయినా చెప్పేవాడు.

తొలి వానలు పడే రోజుల్లో ఓ పొద్దున పళ్లు తోముకుంటూ సింకు దగ్గరే కూలబడ్డాడు. పక్షవాతం. ఆసుపత్రి సంగతులు నేను చెప్పను. తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకి తెలియకపోవడమే మంచిది. ఇంటికి తీసుకొచ్చేసరికి మాట స్పష్టంగానే ఉంది. ఎడమ కాలు కొంచెం ఈడుస్తున్నాడు, ఎడమ చేతికి పట్టు తగ్గింది, అంతే. అందరూ అదృష్టవంతులన్నారు. మేమూ నమ్మాం.

ఆ నమ్మకం మొదట పళ్లెం దగ్గర సడలింది. కుడివైపు అన్నం తిన్నాడు. ఎడమవైపు అన్నం, కూర వేసింది వేసినట్టే ఉంది. "ఇంకాస్త పెట్టు, ఆకలి తీరలేదు" అన్నాడు. వేళాకోళమనుకున్నాను. మర్నాడు గడ్డం సగమే గీసుకుని బయటికొచ్చి, "ఎలా ఉన్నాను?" అన్నాడు. ఎడమవైపునుంచి పిలిస్తే కుడివైపుకి తిరిగి నా కోసం వెతికేవాడు. వెతికి వెతికి, "ఎక్కడ దాక్కుని పిలుస్తున్నావు?" అని విసుక్కునేవాడు.

అలాంటి రోజుల్లోనే ప్రెస్సు ఓనరుగారు వచ్చారు. మంచాయనే. తడిసిన గొడుగు కాళ్ల మధ్య పెట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నారు.

"నువ్వు లేక ప్రెస్సు బోసిపోయిందయ్యా. వానలు తగ్గగానే క్యాలెండర్ల పని మొదలవుతుంది. ఏడాదిలో మనం నాలుగు రాళ్లు వెనకేసుకునేది అప్పుడే, నీకు చెప్పాలా? అందాకా ఎలాగో నెట్టుకొస్తాను. అప్పటికి మాత్రం నువ్వు సీట్లో ఉండాలి. లేకపోతే ఇంకెవర్నో పెట్టుకోక తప్పదు. ఏమీ అనుకోకు" అన్నారు.

"అందాకా ఎందుకండీ? వచ్చే వారమే వచ్చేస్తాను. నాకేమైందని?" అన్నాడు మా ఆయన.

ఓనరుగారు కూర్చున్నది ఎడమపక్క. ఈయన ఆ మాట చెప్పింది కుడిపక్కనున్న బీరువాతో. ఓనరుగారు నా ముఖంలోకి చూశారు. నేను గొడుగునుంచి కారుతున్న నీళ్ల వైపు చూసి, గుడ్డ తెస్తానని లేచాను.

ఓనరుగారు వెళ్లగానే మా ఆయన కంప్యూటరు పెట్టమన్నాడు. పెట్టి కూర్చోబెట్టాను. తెర వెలిగింది. ఈయన కాసేపు చూసి కయ్యిమన్నాడు.

"నా ప్యానెల్ ఏదీ? ఎవరు తీశారు?"

"ఎవరూ తియ్యలేదండీ. అక్కడే ఉంది, ఎడమపక్క."

"ఎడమపక్కేముంది? ఏం లేదు. అమ్మా! నువ్వు పేకాడుతూ ఏదో నొక్కేశావు!"

"నా మీద పడతావేంరా? నేను చస్తే నీ పెట్టె జోలికి పోలేదు. నువ్వు ఆసుపత్రిలో పడుంటే నాకు పేకాటొకటా?" అని మా అత్తగారు కళ్లొత్తుకుంది.

నేను తెర మీద వేలు పెట్టి చూపించబోయాను. నా వేలు ఎడమ అంచు దాకా వెళ్లింది. ఆయన చూపు సగం దూరం వచ్చి ఆగిపోయింది. అంతకు మించి వెళ్లడానికేమీ లేనట్టు నిలబడిపోయింది. తర్వాత ఆయనే మౌసు పట్టుకుని నాలుగు నొక్కులు నొక్కి, కుడి అంచున కొత్త పట్టీ నిలబెట్టాడు. మెనూ, గడియారం, తన బొమ్మలూ చకచకా అందులోకి చేర్చాడు. పనితనం ఎక్కడికీ పోలేదు. "హమ్మయ్య, ఇప్పుడు ఇల్లు ఇల్లులా ఉంది" అన్నాడు. ఎడమ అంచున పాత గడియారం, కుడి అంచున కొత్త గడియారం. రెండూ ఒకటే టైము చూపిస్తున్నాయి. ఆయన ఒకదాన్నే చూస్తున్నాడు.

అన్నం సగం తినడం వేరు. ఆ తెర ఆయన సొంత చేత్తో కట్టుకున్నది.

వారానికోసారి ఫిజియో అమ్మాయి వచ్చేది. మనిషి చిన్నదే గాని నోరు పెద్దది. రెయిన్‌కోటు గుమ్మం దగ్గర తగిలించి, వస్తూనే సంచిలోంచి ఎర్ర టేపు తీసింది. పళ్లేనికి ఎడమ అంచున అంటించింది, బల్లకి ఎడమ అంచున అంటించింది, పత్రికలో పేజీకి ఎడమ అంచున అంటించింది.

"సార్, ఇది కనిపించేదాకా ఆగకూడదు. చదివినా, తిన్నా, రాసినా ముందు ఎర్ర గీత పట్టుకోండి. ఆ తర్వాతే మొదలుపెట్టండి."

ఆ అమ్మాయి ఎదురుగా ఉన్నంతసేపూ బుద్ధిగా చేసేవాడు. మెడ తిప్పి, గీత పట్టుకుని, లైను మొదటినుంచి చదివేవాడు. తను గుమ్మం దాటగానే గీతా లేదు, గాడిదగుడ్డూ లేదు.

ఓ రోజు గుమ్మం దగ్గర తనని ఆపి అడిగాను. "కళ్ల డాక్టరుకి చూపించాలా?"

"కళ్లు శుభ్రంగా ఉన్నాయక్కా. మెదడే ఆ పక్కని పట్టించుకోవడం మానేసింది. ఆయన లెక్కలో ఎడమ అనేదే లేదు. లేనిదాని కోసం ఎవరైనా వెతుకుతారా? నాకేం కాలేదు అంటున్నారంటే అబద్ధమాడుతున్నట్టు కాదు. నిజంగానే ఆయనకి తెలీదు."

"పోనీ, కంప్యూటర్లో అన్నీ కుడివైపే పెట్టేస్తే? పని జరిగిపోతుంది కదమ్మా?" అన్నాను. అప్పటికే నాకు ఓపిక అడుగంటింది.

"జరగదు. కుడికి జరిపితే, జరిపినదాంట్లో మళ్లీ ఎడమ సగం పోతుంది. ఇంకా జరుపుతారు, మళ్లీ పోతుంది. అలా జరుపుకుంటూ పోతే చివరికి గోడ మిగులుతుంది. అన్నీ ఎడమవైపే పెట్టండి. మీరూ ఎడమవైపే కూర్చోండి. ఆయనకి కావాలంటే అటు వెతుక్కోవాలి. జాలి పడ్డారో, అంతే సంగతులు."

మా అత్తగారికి ఆ మాట అస్సలు మింగుడు పడలేదు. "ఒక్కగానొక్క కొడుకు మంచినీళ్లడిగితే చేతికందియ్యకుండా, వెతుక్కోరా అని అటు పక్క పెట్టనా? నేను తల్లినా, పోలీసునా?" అంది. ఆవిడ ఎప్పుడూ కుడిపక్కే కూర్చునేది. ఆయన సగం పళ్లెం ఖాళీ చెయ్యగానే చటుక్కున తిప్పేసేది. ఆయన రెండో సగం తింటూ, "ఇవాళ కడుపునిండా పెట్టావమ్మా" అనేవాడు. ఆవిడ ముఖం వెలిగిపోయేది. ఇక ఇంట్లో పోలీసు పని నాకే మిగిలింది.

రోజూ మధ్యాహ్నం ఆయన కునుకు తీసేటప్పుడు నేను కుట్టుమిషను ఆపి, కంప్యూటరు ముందుకెళ్లి, కుడి అంచునున్న పట్టీని ఎడమ అంచుకి లాక్కెళ్లి పెట్టేదాన్ని. దానికి ఎర్ర రంగు కూడా వేశాను. ఎలా వెయ్యాలో నాకేం తెలుసు? ఆయన దగ్గరే నేర్చుకున్నాను. "ఏవండీ, కర్టెన్లకి ఏ రంగు నప్పుతుందో ఇందులో చూసుకోవాలి, ఇవి ఎక్కడ మారుస్తారు?" అని అడిగాను. ఎన్నాళ్లకో నేను ఆ పెట్టె మీద ఆసక్తి చూపించానని పొంగిపోయి, థీమ్ అంటే ఏమిటో, ప్యానెల్ ఎలా పట్టుకుని జరపాలో, ఎలా తాళం వెయ్యాలో, అన్నీ ఓపిగ్గా చెప్పాడు. పాపం, ఎందుకడిగానో తెలిస్తే నోరు విప్పేవాడు కాదు.

నిద్ర లేచి కూర్చునేవాడు. "మళ్లీ పోయింది!" నాలుగు నొక్కులు నొక్కి కుడి అంచున ఇంకోటి పెట్టుకునేవాడు. మర్నాడు నేను దాన్ని కూడా ఎడమకి చేర్చేదాన్ని. ఆయన ఇంకోటి. నేను దాన్నీ. అలా ఎడమ అంచున పట్టీ పక్కన పట్టీ చేరి, రద్దీవేళ బస్సు మెట్ల మీదలా తయారైంది. ఒక్క ఐకాను వంకరగా ఉంటే అన్నం సహించని మనిషి, ఆ చెత్త పక్కనే కూర్చుని ఈల వేసుకుంటూ పాత పేజీలు సర్దుకునేవాడు.

ఓ రోజు నా మీద అనుమానం వచ్చింది.

"నిజం చెప్పు. నువ్వే తీసేస్తున్నావు కదూ?"

"తియ్యట్లేదండీ. అటు జరుపుతున్నాను. తల తిప్పి చూడండి."

"చూశాను." చూడలేదు. ముక్కు బొటనవేలంత కూడా కదల్లేదు. "ఏం లేదక్కడ."

"సరిగ్గా చూడండి, మీకు పుణ్యముంటుంది."

"మెడ విరగ్గొట్టుకోనా? ఇల్లంతా మీ ఎర్ర టేపులు అంటించుకున్నారు, ఊరుకున్నాను. అన్నం తింటుంటే చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్తున్నారు, ఊరుకున్నాను. దీని దగ్గర మాత్రం నా జోలికి రాకు! ఇదొక్కటే నా చోటు. ఇక్కడ నాకేం కాలేదు."

కేక పక్కింటికి కూడా వినిపించే ఉంటుంది. నేను వెళ్లి మిషను దగ్గర కూర్చున్నాను. ఆ పూట కుట్టిన కుట్లన్నీ వంకరపోయాయి. విప్పి మళ్లీ కుట్టాను. బయట వాన, లోపల ఆరని గుడ్డల వాసన. నాకు ఆయన మీద కోపం కూడా రాలేదు. అలసటొచ్చింది. జాలిపడాలన్నా, కోపగించుకోవాలన్నా ఒంట్లో కాస్త సత్తువ ఉండాలి. నాకున్నదంతా ఆ మనిషిని లేపడానికీ కూర్చోబెట్టడానికీ మిషను తొక్కడానికీ చాలడం లేదు.

ఫిజియో అమ్మాయి తెర చూసి పకపకా నవ్వింది. "అక్కా, ఇది కంప్యూటరా, బట్టల కొట్టా?" అని, నా ముఖం చూసి నవ్వాపేసింది. "మీరు చెయ్యాల్సింది చేస్తున్నారు. కాని మీరు చూపిస్తే లాభం లేదక్కా. ఇక్కడేదో ఉండి తీరాలే, ఏదీ అని ఆయనకే అనిపించాలి. అప్పుడు తల అదే తిరుగుతుంది."

"అనిపించకపోతే?"

తను రెయిన్‌కోటు గుండీలు పెట్టుకుంది.

వానలు పలచబడుతున్న రోజుల్లో ఓ సాయంత్రం మా ఆయన ఉత్సాహంగా పిలిచాడు. "ఇలా రా! వచ్చి చూడు, ఏం కుదిరిందో!"

గుడ్డలు పక్కన పడేసి వెళ్లాను. తెరకి కొత్త రంగు, లేత ఆకుపచ్చ. వెనకాల పొగమంచులో ఏదో కొండ బొమ్మ. అక్షరాలు కూడా మార్చాడు, కళ్లకి హాయిగా ఉన్నాయి. ఐకాన్లన్నీ కుడి అంచుని ఆనుకుని, ఒకదాని కింద ఒకటి, దారం పట్టి పేర్చినట్టు పేర్చాడు. మధ్యనుంచి ఎడమకి అంతా బోడి కొండ. ఆ చివర నా ఎర్ర పట్టీల గుంపు.

"రెండు పక్కలా సమంగా వచ్చింది. ఎన్నేళ్లుగానో ప్రయత్నిస్తున్నాను, ఇంత సమంగా ఎప్పుడూ రాలేదు. బాగుందా?"

నేను ఆయనకి ఎడమపక్క నిలబడ్డాను. జవాబు కోసం ఆయన కుడిపక్కనున్న వాళ్లమ్మ వైపు తిరిగాడు. "అద్దంలా ఉంది నాన్నా" అంది ఆవిడ.

నేను వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. రెండు చుక్కల తేడా పట్టే కళ్లవి.

అక్కణ్ణించి వారం తిరక్కుండానే ఓనరుగారు ఫోన్ చేశారు. క్యాలెండర్ల పని వచ్చేసింది. "మచ్చుకి ఒక నెల పేజీ పంపిస్తున్నానయ్యా. జనవరి. గడులు గీసే ఉన్నాయి. అంకెలేసి, పైన బొమ్మ పెట్టి, అందంగా కట్టి పంపించు. రేపు మధ్యాహ్నం లోపల. అది చూసుకుని సోమవారం నుంచి వచ్చెయ్."

ఆ రోజు మా ఆయన్ని చూడాలి. తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్నాడు. టీ ఇస్తే చల్లారిపోయింది. మధ్యాహ్నం కునుకు కూడా తియ్యలేదు, కాబట్టి నేను పట్టీ జోలికి వెళ్లడానికే లేదు. మా అత్తగారు గదిలో చప్పుడు చెయ్యకుండా అటూ ఇటూ తిరిగింది. మర్నాడు పొద్దున్నే మళ్లీ కూర్చున్నాడు. పదింటికల్లా లేచి ఒళ్లు విరుచుకున్నాడు. "అయిపోయింది. ఓసారి చూసుకో. స్నానం చేసొచ్చి పంపిస్తాను" అని తువ్వాలు భుజాన వేసుకుని, పాడుకుంటూ వెళ్లాడు.

చూశాను. పైన నది మీద పడవ బొమ్మ. నెల పేరు పెద్ద అక్షరాల్లో, నీళ్ల రంగులోంచి తీసిన రంగులో. చూడగానే గోడకి తగిలించుకోవాలనిపించే పేజీ. కింద గడులు. ఏడు వరసలు నిలువుగా, ఆదినుంచి శని దాకా. ఒకటి సోమవారం కింద మొదలైంది. ఆరు శనివారం. ఏడు మళ్లీ కింది సోమవారం. అలా ఆరేసి అంకెలు వేసుకుంటూ వెళ్లాడు. ముప్పై ఒకటి మిగిలిపోతే, దాని కోసం అడుగున ఇంకో వరస తనే గీసుకున్నాడు. ఆ గీత మిగతా గీతల్లో ఎంత బాగా కలిసిపోయిందంటే, తర్వాత గీసిందని చెప్పలేం. ఒక్క అంకె కూడా పోలేదు. ఆదివారం గడులు మాత్రం పైనుంచి కిందిదాకా తెల్లగా ఉన్నాయి.

నా వెనకాల మా అత్తగారు వచ్చి నిలబడింది. పేకముక్కల వరసలు చూసీ చూసీ అలవాటైన కన్ను కదా, వెంటనే పట్టేసింది.

"ఇదేంటే, మొదటి వరస ఖాళీగా ఉంది?"

"ఆదివారాలు, అత్తయ్యా."

ఆవిడ బాత్రూము వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది. "నువ్వు వేసెయ్. ఇన్నాళ్లనుంచీ దీంతో కుస్తీ పడుతున్నావుగా, ఆ మాత్రం రాదా?"

"వస్తుంది."

"మరింకేం? వాడొచ్చేలోగా కానియ్యి. ఎవరు వేశారని ప్రెస్సాయనకి కలొస్తుందా?"

"ఇది ఒక్క నెల. ఇంకా పదకొండున్నాయి. ఆ తర్వాత మిగతా పనులున్నాయి. రోజూ ప్రెస్సుకెళ్లి ఆయన ఒళ్లో కూర్చుని ఎడమపక్కంతా నేను కట్టాలా?"

"కూర్చో! మొగుడే కదా, తప్పేముంది?" అంది ఆవిడ. అనేసి, కళ్ల నిండా నీళ్లు పెట్టుకుంది. "వాడు ఆ సీటు కోసమే బతుకుతున్నాడే."

ఆ సంగతి నాకు తెలియకనా? నేను కూర్చున్నాను. మౌసు పట్టుకున్నాను. ఇదొక్కటి పంపించేస్తే సోమవారం నుంచి ఆయన బయటికెళ్తాడు. పగలంతా ఇల్లు నాదవుతుంది. ఒక్క పూట, ఎవరినీ లేపకుండా, ఎవరికీ అడ్డం వెళ్లకుండా మిషను తొక్కుకోవచ్చు. ఆ ఆశ నాకు ఎంత తీపిగా అనిపించిందో చెప్పలేను. ఆ జనవరి ఒకటి ఆదివారమే, ఆ గడిలో ఒకటి వేశాను. సోమవారంలో ఉన్న ఒకటిని రెండు చేశాను.

బాత్రూము తలుపు చప్పుడైంది. ఆయన తల తుడుచుకుంటూ వచ్చాడు. ముఖం తేటగా ఉంది, ఎన్నో నెలలకి నవ్వుతున్నాడు. ఎడమ చెవి మీద, ఎడమ చెంప మీద, సబ్బు నురగ అలాగే ఉంది.

నా చెయ్యి ఆగిపోయింది. అంకెలు నేను వేస్తాను, సరే. ఆ నురగతో రోడ్డు దాటబోతే ఎడమపక్కనుంచి వచ్చే బస్సుని ఎవరు ఆపుతారు? వేసిన అంకెలు రెండూ చెరిపేసి, ఎలా ఉన్నవి అలా పెట్టి, లేచి ఆయనకి కుర్చీ ఇచ్చాను. నేను ఎడమపక్క స్టూలు మీద కూర్చున్నాను.

"ఏవండీ, ఇందులో ఆదివారం ఎక్కడుంది?"

"ఇదిగో" అని మొదటి వరస మీద వేలు పెట్టాడు. పెట్టి చదివాడు. "సోమ." కాస్త ఆగాడు. "మంగళ, బుధ, గురు, శుక్ర, శని." వేలు మళ్లీ వెనక్కి తెచ్చాడు. "ఓనరుగారే తప్పు పంపారు. ఆరే గీశారు."

నోరు తెరిస్తే అరుస్తానేమోనని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"ఆరెందుకు గీస్తారు?" అన్నాడు ఆయనే. "క్యాలెండరు ఆదివారంతో మొదలవుతుంది. ఎన్ని కట్టలేదు నేను! ఆదివారంతోనే మొదలవ్వాలి." అది నాతో అన్నది కాదు. పేజీతో అన్నది. "ఉండాలే. సోమవారానికి ముందు ఉండాలి."

సోమవారం మీద పెట్టిన వేలు తియ్యకుండా, మెల్లగా తెర మీద ఎడమకి జరిపాడు. వేలు వెనకాల చూపు, చూపు వెనకాల తల. సగంలో ఆగిపోయింది. ఊపిరి పీల్చుకున్నాడు. మళ్లీ జరిపాడు. మెడ నరం బిగుసుకోవడం నాకు కనిపిస్తోంది.

వేలు తెల్లటి గడుల మీదికి వచ్చింది. అక్కడ చాలాసేపు ఉంది. తర్వాత ఇంకా జరిగింది. పేజీ దాటింది. ఒక ఎర్ర పట్టీ. పక్కన ఇంకోటి. ఇంకోటి. అన్నిటిలో మెనూలు, అన్నిటిలో గడియారాలు.

"ఇవన్నీ ఎవరు పెట్టారు?"

"మీరే."

"ఇన్నా?"

"ఊఁ. ఇటు జరిపిందీ, రంగు వేసిందీ మాత్రం నేను."

"దరిద్రంగా ఉంది" అన్నాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఎడమ చెంప దాకా తెచ్చాను. తడి నురగ చేతికంటుకుంటే, దాన్ని అలా చూస్తూ ఉండిపోయాడు.

"సరిచేసి పంపిద్దామా? అంకెలు నేను చెప్తాను" అంది మా అత్తగారు.

"వద్దమ్మా. ఫోనివ్వు."

ఓనరుగారు వెంటనే ఎత్తారు. వెనకాల మిషన్ల చప్పుడు. "ఏమయ్యా, అయిందా పేజీ?"

"అయిందండీ. పంపడం లేదు."

"అదేం?"

"అందులో ఆదివారాలు లేవు. నాకు ఎడమపక్క తెలియట్లేదండీ. తెలియట్లేదన్న సంగతే ఇందాకటిదాకా నాకు తెలీదు."

అటునుంచి ఓనరుగారి గొంతు. "అయితే క్యాలెండర్లకి రాలేవన్నమాట."

"రాలేనండీ. ఎవర్నైనా పెట్టుకోండి. పాత ఫైళ్లెక్కడున్నాయో ఫోన్లో చెప్తాను."

"మళ్లీ ఎప్పటికి..."

"తెలీదండీ."

ఆ వానాకాలమంతా నేను, ఎడమపక్క తెలియట్లేదన్న ఆ ఒక్క మాట కోసం చూశాను. ఆ మాట వచ్చింది, సీటు పోయింది. సంతోషించాలో ఏడవాలో తేలలేదు. రెండిటికీ ఓపిక లేదు.

ఆయన ఫోను బల్ల మీద పెట్టి, నా వైపు తిరగడం మొదలుపెట్టాడు. తిరగడం అంటే అదేమీ చటుక్కున జరిగేది కాదు. ఆగి, మళ్లీ కదిలి, ఆగి, చివరికి నా ముఖం దొరికింది.

"విన్నావా?"

"విన్నాను."

"ఇప్పుడేం చేద్దాం?"

చెయ్యాల్సినవి బోలెడున్నాయి. వంట కాలేదు. కొట్టుకి సాయంత్రం ఇవ్వాల్సిన కర్టెన్లు సగంలో ఉన్నాయి. ఇల్లు ఇక నా మిషను మీదే నడవాలి. అవన్నీ చెప్పాలనే నోరు తెరిచాను.

"ముందు నేను కాసేపు పడుకుంటానండీ" అన్నాను.

"పడుకో" అన్నాడు.

ఆ గదిలోనే మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాను. ఎండ కాలి మడమల మీద పడుతోంది. కళ్లు మూసుకోగానే ఒళ్లంతా బరువెక్కి కిందికి దిగిపోతున్నట్టయింది. నా వెనకాల మౌసు చప్పుడు ఆగి ఆగి వినిపిస్తోంది, ఒక్కొక్క పట్టీనే తీసేస్తున్నాడు కాబోలు. ఆ తర్వాత ఆయన గొంతు వినపడింది.

"అమ్మా, అటు కూర్చోకు. ఇటు పక్కకి రా. ఎడమపక్కకి."

స్టూలు ఈడ్చిన చప్పుడు.

"వచ్చాను. కూర్చున్నాను."

కుర్చీ కిర్రుమంది, ఆగింది.

"ఏదీ, కనపడవే?"

మా అత్తగారు ఊపిరి ఎగబీల్చింది. లేచి అటుపక్కకి వెళ్లిపోతుందేమో అనుకున్నాను. స్టూలు కదల్లేదు.

"ఇక్కడే ఉన్నానురా" అంది ఆవిడ. "ఇంకా తిప్పు."